కౌంటరు ఖాళీగా ఉండకూడదు

ఒడెస్సా కాఫీ పోసి కప్పు ముందుకు జరిపింది. ఆర్లెటా దాన్ని మళ్ళీ అక్క వైపుకే జరిపింది.

"ఏం, విషం కలిపాననుకున్నావా?"

"డ్యూటీ ఉంది."

"డ్యూటీ ఉన్నవాళ్ళే కదా కాఫీ తాగేది. ఇంట్లో కూర్చునేదాన్ని, నేను తాగి ఏం ఊడబొడవాలి?"

ఆర్లెటా నవ్వింది. మాత్రల పెట్టెలో శుక్రవారం అర తెరిచి, రెండు మాత్రలు నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్ళతో మింగింది. మూడోది, ఒంట్లో చేరిన నీరు లాగేసే తెల్ల మాత్ర, పెట్టెలోనే వదిలేసి మూత వేసింది. ఒడెస్సా కళ్ళజోడు ముక్కు మీదికి దించి అది చూసింది.

"దాన్నెందుకు మిగిల్చావ్?"

"వచ్చాక వేసుకుంటాలే."

"డాక్టరు పొద్దున వేసుకోమంది. నీ పాదాలు చూసుకున్నావా లెటా? బన్నురొట్టెల్లా పొంగాయి."

"ఆ మాత్ర వేసుకుంటే గంటకోసారి పరిగెత్తాలి. ఆ కౌంటరు వదిలి ఎక్కడికి పరిగెత్తను చెప్పు?"

ఒడెస్సా నిన్నటి పండగలో మిగిలిన టర్కీ మాంసం, చిలగడదుంప తీపి ముక్క డబ్బాలో సర్ది చెల్లెలి సంచిలో పెట్టింది. సంచిలో నీళ్ళ సీసా లేదు. ఏప్రిల్ నుంచీ ఆర్లెటా దాన్ని పట్టుకెళ్ళడం మానేసింది.

థాంక్స్‌గివింగ్ మర్నాడు షికాగో ఊరు ఊరంతా కొనుగోళ్ళ మీద పడుతుంది. కింగ్ డ్రైవ్ మీదుగా వచ్చే మూడో నంబరు బస్సు మిషిగన్ అవెన్యూ చేరేసరికి నిలబడ్డానికి చోటు లేదు. చెరువంత సముద్రమా, సముద్రమంత చెరువా అనిపించే ఆ లేక్ మీంచి గాలి వచ్చి ముఖాన్ని కోస్తోంది. లేక్‌కోర్ట్ మాల్ తలుపులు ఇంకా తెరవనేలేదు, బయట జనం చేతులు చంకల్లో దోపుకుని తొక్కుకుంటున్నారు. ఆర్లెటా పనివాళ్ళ తలుపులోంచి లోపలికి వెళ్ళి, కోటు మార్చుకుని, మరోసారి బాత్రూముకి వెళ్ళి, అవసరం లేకపోయినా కాసేపు కూర్చుని, అప్పుడు కిందికి దిగింది.

ఎంక్వైరీ కౌంటరు నేల అంతస్తు నట్టనడుమ ఉంటుంది. గుండ్రంగా, అద్దాల పైకప్పుకి సరిగ్గా కింద, నాలుగు అంతస్తుల వాళ్ళకూ కనపడేలా కట్టారు. లోపలికి వెళ్ళడానికి నడుమెత్తు తలుపు, దానికి లోపలివైపు గడియ. ఇదివరకు అందులో రెండు కుర్చీలుండేవి. వసంతంలో తన పక్కన పనిచేసే అగ్నెష్కాని పనిలోంచి తీసేశాక రెండో కుర్చీ కూడా పట్టుకుపోయారు. ఇప్పుడా చోట ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు, దాని కింద రంగు కాగితాలు చుట్టిన ఖాళీ పెట్టెలు ఉన్నాయి.

తలుపులు తెరిచారు. ఇక అంతే.

"ట్రైన్ పాసు ఎక్కడ కొనాలమ్మా?"

"నదిలో పడవలు తిరుగుతున్నాయా?"

"పిల్లల్ని తోసే బండ్లు అద్దెకిస్తారా?"

బ్రెజిల్ నుంచి వచ్చినావిడ రసీదులన్నీ కౌంటరు మీద పరిచి, కట్టిన పన్ను ఎయిర్‌పోర్టులో తిరిగి ఇచ్చేస్తారా అని అడిగింది. ఈ రాష్ట్రంలో ఇవ్వరని ఆర్లెటా చెప్పింది. ఆవిడ నమ్మలేదు. మరోసారి, ఇంకా మెల్లగా చెప్పింది. ఆవిడ ఆర్లెటాయే ఆ డబ్బు దాచుకున్నట్టు చూసి రసీదులు ఏరుకుంది. నెబ్రాస్కా నుంచి వచ్చిన పెద్దాయన, అసలైన మందపు పిజ్జా ఎక్కడ దొరుకుతుంది అని అడిగి, చెప్పింది వినకుండా, తమ ఊళ్ళోనూ బాగానే చేస్తారని పది మాటల్లో చెప్పి వెళ్ళాడు.

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఒక్కటే.

"బాత్రూమ్ ఎక్కడ?"

"నాలుగో అంతస్తు. చెప్పుల షాపు దాటాక ఎడమకి తిరగండి."

నేల అంతస్తులో ఒకటుండేది. దాన్ని మూసేసి అత్తర్ల దుకాణం పెట్టారు. అవసరం పడ్డవాళ్ళు నాలుగు అంతస్తుల షాపులూ చూసుకుంటూ ఎక్కాల్సిందే. ఆర్లెటా చెయ్యి చాచి పైకి చూపిస్తుంది. ఆ చెయ్యి చూపించినవైపు వాళ్ళు గబగబా వెళ్ళిపోతారు. ఆమె కళ్ళు ఎస్కలేటర్ మలుపు దాకా వాళ్ళ వెనకే వెళ్ళి తిరిగొస్తాయి.

మధ్యాహ్నం కాకముందే పొత్తికడుపు బరువెక్కింది. వాకీటాకీ అందుకుంది.

"కోర్నెల్, ఎంక్వైరీ నుంచి. ఒక్క అయిదు నిమిషాలు ఎవరినైనా పంపుతావా?"

"విన్నాను మిస్ ఆర్లెటా. కాస్త ఆగండి. పడమటి తలుపు దగ్గర తోపులాటగా ఉంది."

గార్డు కోర్నెల్ మంచివాడు. అబద్ధం చెప్పడు. ఇవాళ వాడి దగ్గరున్నది ముగ్గురే. కౌంటరు ఖాళీగా ఉండకూడదన్నది నియమం. ఇంటికి పంపించడానికి అగ్నెష్కాకి చెప్పిన కారణాల్లో అదీ ఒకటి. పైన కెమెరా ఉంది. అది తిరగదు, కళ్ళార్పదు.

కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. లేచి నిలబడింది. నిలబడితేనే నయం. మరోసారి పిలిచింది. ఇంకోసారి పిలిచేటప్పుడు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"కోర్నెల్, నాయనా, ఆగలేను."

"వస్తున్నా మిస్ ఆర్లెటా. దేవుడి సాక్షిగా వస్తున్నా. ఇక్కడొకావిడ పడిపోయింది, అంబులెన్స్ వచ్చేదాకా కదల్లేను."

ఇద్దరు పిల్లల తల్లి ఊరి మ్యాపు అడిగింది. పైవి అయిపోయాయి. కొత్త కట్ట కింద అరలో ఉంది. ఆర్లెటా అంచు పట్టుకుని జాగ్రత్తగా వంగింది. కట్ట బరువు చేతికి తగిలిన క్షణంలో లోపల ఏదో పట్టు వదిలింది.

ఆమె అలాగే వంగి ఉండిపోయింది. వెచ్చగా తొడల మీదుగా దిగి మేజోళ్ళలోకి ఇంకింది. పైన ఆ తల్లి ఎదురుచూస్తోంది. ఆర్లెటా కట్ట తాడు తెంపి, ఒక మ్యాపు తీసి, లేచి, కౌంటరు మీద పరిచింది. సరస్సు ఒడ్డున మ్యూజియంలు ఎటున్నాయో వేలు పెట్టి చూపించింది.

"ఇంత రద్దీలో ఎంత ఓపిగ్గా చెప్పారండీ," అంది ఆ తల్లి.

"అందుకేగా ఉన్నాం తల్లీ."

నల్ల ప్యాంటు కాబట్టి కనపడలేదు. మెడ చుట్టూ ఉన్న ఎర్రటి శాలువా విప్పి నడుముకి చుట్టుకుంది. కుర్చీలో కూర్చోలేదు. కోర్నెల్ చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చి, "వెళ్ళండి, వెళ్ళి రండి," అన్నప్పుడు ఆమె వాడి ముఖం చూడకుండా, "ఇప్పుడు అక్కర్లేదులే," అంది. వాడు శాలువా వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్ళాడు. డ్యూటీ దిగేదాకా ఆమె నిలబడే ఉంది.

బస్సులో ఓ కుర్రాడు లేచి సీటు ఇవ్వబోయాడు.

"వద్దు నాయనా."

"కూర్చోండి మామ్, మీరు అలిసిపోయినట్టున్నారు."

"వద్దన్నానా," అంది గట్టిగా. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ కుర్రాడు చిన్నబోయి కూర్చున్నాడు. దిగేదాకా ఆమె పైన కడ్డీ పట్టుకుని వేలాడింది.

ఒడెస్సా వెనకనించి వచ్చి చూసేసరికి చెల్లెలు స్నానాల గదిలో తొట్టి అంచున కూర్చుని ప్యాంటు ఉతుకుతోంది. డ్యూటీ లేని ఆదివారాలు చర్చిలో తెల్ల చేతితొడుగులు వేసుకుని, నిటారుగా నిలబడి, వచ్చినవాళ్ళకి చోటు చూపించే మనిషి. ఆ చేతులతోనే సబ్బు రుద్దుతోంది. ఒడెస్సాకి చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఎకసెక్కం ఈసారి రాలేదు. పక్కన కూర్చుని, ప్యాంటు రెండో కాలు తను అందుకుని పిండింది.

"వాళ్ళకి చెప్పు," అంది చివరికి.

"ఏమని చెప్పను? అరవైకి దగ్గరపడ్డదాన్ని, పసిపిల్లలా తడుపుకున్నానని చెప్పనా?"

"అవును. ఆ మాటే చెప్పు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు."

శనివారం మాల్ తెరవకముందే ఆర్లెటా రెండో అంతస్తులో మేనేజరు గది తలుపు తట్టింది. గ్రెగ్ కుర్రవాడే. పండగ సీజను మొదలయ్యాక ఇంటికి వెళ్ళాడో లేదో గానీ గడ్డం మాసింది. ఎదురుగా తెరల మీద మాల్ అంతా ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. ఒక ముక్కలో గుండ్రటి కౌంటరు ఉంది.

"కౌంటరుకి ఇంకో మనిషి కావాలి గ్రెగ్."

"తెలుసు ఆర్లెటా. నేనూ పైవాళ్ళని అడుగుతూనే ఉన్నాను. ఈ సీజనుకి బడ్జెట్ అయిపోయిందంటున్నారు. జనవరిలో మళ్ళీ—"

"నిన్న నేను నిలబడ్డచోటే తడిసిపోయాను."

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. కీబోర్డు వైపు చూశాడు.

"మూడుసార్లు పిలిచాను. ఎవరూ రాలేదు. ఆ తర్వాత డ్యూటీ అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. మీ తెరలో కనపడే ఉంటాను."

"క్షమించండి," అన్నాడు గ్రెగ్ చాలా చిన్నగా. "నిజంగా. రేపటినుంచి పూటకోసారి ఎవరో ఒకరు వచ్చి మిమ్మల్ని విడిపిస్తారు. నేను చూసుకుంటాను."

మాట నిలబెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఎల్విరా వచ్చింది. నాలుగో అంతస్తు బాత్రూములు శుభ్రం చేసే మనిషి, పొట్టిగా, జడ బిగించి కట్టుకుని ఉంటుంది. లిఫ్టులో ఎన్నోసార్లు ఎదురుపడి తలలూపుకున్నారు గానీ పేర్లు తెలియవు. బూడిదరంగు పని చొక్కా మీద ఎవరిదో నీలం కోటు వేసి పంపారు. కోటు చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి.

"సెన్యోరా, మీరు వెళ్ళండి. నేను ఇక్కడ," అంది స్పానిష్ యాసలో, గడియ తీసి లోపలికి వస్తూ.

"ఇంగ్లీషు వస్తుందా?"

"బాత్రూమ్ ఎక్కడంటే వస్తుంది," అంది ఎల్విరా ముఖం మామూలుగానే పెట్టి. "నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

ఆర్లెటాకి నవ్వొచ్చింది. ఎస్కలేటర్ మీద నిలబడి పైకి వెళ్తుంటే ఒళ్ళు తేలికైనట్టుంది. తొందర లేకుండా వెళ్ళి, తొందర లేకుండా చేతులు కడుక్కుని, పనివాళ్ళ గదిలో కూర్చుని ఒక కప్పు కాఫీ పూర్తిగా తాగింది. సోమవారం పొద్దున మాత్రల పెట్టెలో మూడు మాత్రలూ వేసుకుంది. ఒడెస్సా చూడనట్టు చూసింది.

"మేనేజరుకి బుద్ధొచ్చిందా?"

"మంచివాడే. చెప్పేదాకా తెలియలేదంతే."

"చెప్పేదాకా తెలియనివాళ్ళని మంచివాళ్ళనడం నాకు అలవాటు లేదు," అంది ఒడెస్సా. కాఫీ మాత్రం నిండుగా పోసింది.

ఆ సోమవారం మాత్ర పనిచేసింది. ఎల్విరా వచ్చేసరికి ఆర్లెటా గడియ తీసి సిద్ధంగా ఉంది. నాలుగో అంతస్తులో చెప్పుల షాపు దాటి మలుపు తిరిగితే ఆడవాళ్ళ వరస బయటికి వచ్చేసింది. లోపల కాగితం చుట్టలు అయిపోయాయి. చేతులు కడిగేచోట నేల తడి. ఒకావిడ జారబోయి గోడ పట్టుకుని, "ఇక్కడ పనిచేసేవాళ్ళు చచ్చారా?" అంటోంది. బయట శుభ్రం పనుల సూపర్‌వైజరు ఫోనులో ఎల్విరా పేరు ఎత్తి ఎవరికో చెప్తున్నాడు, ఆవిడ చోటులో ఉండట్లేదు, రెండ్రోజుల్నుంచి ఇదే వరస అని.

ఆర్లెటా గబగబా పని ముగించుకుని కిందికి వెళ్ళి కౌంటరులో నిలబడింది. ఎల్విరా కోటు విప్పుకుంటూనే పరుగు తీసింది. సాయంత్రం మరో విడత ఆమె వచ్చి విడిపించినప్పుడు ఆర్లెటా తొందరగా తిరిగొచ్చి, ఆమెని పైకి పంపింది. డ్యూటీ దిగాక మనసు నిలవక నాలుగో అంతస్తుకి ఎక్కింది.

బాత్రూముల పక్కన బకెట్లు పెట్టే చిన్న గది ఉంది. తలుపు సందులోంచి వెలుతురు వస్తోంది. ఎల్విరా లోపల నిలబడి, తలుపు మూసుకోకుండా ఒక కాలు అడ్డం పెట్టి, చుట్టిన రొట్టె తింటోంది. నమలడం లేదు. కొరికి మింగుతోంది. కళ్ళు వరండా మీదే ఉన్నాయి. ఆర్లెటాని చూసి సగం రొట్టె గబుక్కున వెనక్కి దాచింది. ఎవరో గుర్తుపట్టాక మళ్ళీ ముందుకు తీసింది.

"ఇప్పుడా భోజనం?"

"ఇప్పుడు భోజనం కాదు సెన్యోరా. ఇప్పుడు దొంగతనం." బుగ్గ నిండా రొట్టెతో నవ్వింది. "భోజనం మధ్యాహ్నం."

"మధ్యాహ్నం నువ్వు కౌంటరులో ఉన్నావు కదా."

"అదే భోజనం. గ్రెగ్ చెప్పాడు. అక్కడ కుర్చీ ఉంది, కూర్చునే పని, అదే విశ్రాంతి అనుకో అన్నాడు."

"సాయంత్రం విడత?"

"సాయంత్రం నాది చిన్న విరామం. అదీ కౌంటరే." ఎల్విరా చివరి ముక్క మింగి చేతులు చొక్కాకి తుడుచుకుంది. "మీ తప్పు కాదు. మీరు అడిగారని నాకు తెలీదు, నన్నెవరూ అడగలేదని మీకు తెలీదు. వాళ్ళకి రెండూ తెలుసు."

బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఆర్లెటా ఆ చిన్న గదిలో బ్లీచు వాసన మధ్య కాసేపు నిలబడింది. శుక్రవారం నాటి తడి ఎక్కడో మళ్ళీ తగిలినట్టయింది, ఈసారి తన ఒంటి మీద కాదు.

మంగళవారం పొద్దున మళ్ళీ గ్రెగ్ గదికి వెళ్ళింది.

"ఎల్విరా తిండి మానిపించి నన్ను పంపుతున్నారా?"

గ్రెగ్ కళ్ళు నలుపుకున్నాడు. "ఆర్లెటా, మీరు మనిషిని అడిగారు. నా దగ్గరున్న మనిషి ఆవిడే. గార్డుల్ని తలుపుల దగ్గర్నించి కదిపితే ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకోరు. దుకాణాలవాళ్ళు నా కింద లేరు."

"అయితే?"

"అయితే ఆవిడ వస్తుంది, లేకపోతే ఎవరూ రారు. మీకు వద్దంటే చెప్పండి, ఇవాళ్టినుంచే ఆపేస్తాను. మీరే చెప్పండి, ఏం చేయమంటారు?"

మర్యాదగానే అన్నాడు. నిజంగానే ఆమె జవాబు కోసం చూస్తున్నాడు. ఏది చెప్పినా ఆ చెప్పింది తనదే అవుతుందని ఆర్లెటాకి తెలిసింది. కిందికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

పొద్దున్నించీ మంచు పడుతోంది. జనం బూట్లతో బురద నీళ్ళు మోసుకొస్తున్నారు. ట్రైను పాసులు, పిల్లల బండ్లు, నాలుగో అంతస్తు, చెప్పుల షాపు దాటాక ఎడమకి. ఇవాళ కూడా మూడు మాత్రలూ వేసుకుంది. మధ్యాహ్నానికి పొత్తికడుపు రాయిలా ఉంది. ఎల్విరా అదే నీలం కోటులో, చేతులు మడిచి, ఎస్కలేటర్ దిగింది.

"వెళ్ళండి సెన్యోరా."

ఆర్లెటా బయటికి వచ్చింది. ఎల్విరా లోపలికి వెళ్ళబోతే ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపి, తలుపు మీదుగా వంగి లోపలి గడియ వేసేసింది. కౌంటరు ఖాళీ. ముందు అయిదారుగురు నిలబడి ఉన్నారు.

"తిండి ఎక్కడుంది?"

"పైన. బకెట్ల గదిలో."

"తెచ్చుకో. పై అంతస్తు ఫుడ్ కోర్టులో కూర్చుందాం. ముందు నేను వెళ్ళాల్సిన చోటికి వెళ్ళొస్తాను."

ఎల్విరా పైకి కెమెరా వైపు చూసింది. తర్వాత ఆర్లెటా వైపు చూసింది. "పంపించేస్తారు," అంది.

"పంపించొచ్చు."

"నాకు ముగ్గురు పిల్లలు."

ఆర్లెటా చెయ్యి వదిలేసింది. "అయితే నువ్వు లోపలికి వెళ్ళు. నేనేమీ అనుకోను. నేను మాత్రం నీ భోజనం మీద నడిచి వెళ్ళను. పైకి వెళ్ళి గ్రెగ్‌కి ఆ మాట చెప్పి, తిరిగొచ్చి ఇక్కడే నిలబడతాను."

వరసలో ముందున్నాయన ముక్కు తుడుచుకుని, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా లేదా?" అన్నాడు.

ఎల్విరా నీలం కోటు విప్పింది. తీరిగ్గా మడిచి, చేతులు లోపలికి దోపి, కౌంటరు మీద పెట్టింది.

"ఎవరూ లేరు సార్," అంది. "భోజనం టైము."

ఫుడ్ కోర్టులో పిల్లల గోల, వేయించిన బంగాళాదుంపల వాసన. ఇద్దరూ రెయిలింగు పక్కన బల్ల దగ్గర కూర్చున్నారు. ఎల్విరా రేకు కాగితం విప్పింది. ఆర్లెటా డబ్బా తీసింది. కింద కౌంటరు చుట్టూ జనం పెరగడం ఇక్కడికి కనపడుతోంది. నడుముకున్న వాకీటాకీలో ఎంక్వైరీ, ఎంక్వైరీ అని రెండుసార్లు పలికింది. ఆర్లెటా దాని గొంతు తగ్గించింది.

గ్రెగ్ ఎస్కలేటర్ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. బల్ల దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుని, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"కౌంటరులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు," అంది ఆర్లెటా. "మీరు అడిగారుగా, ఏం చేయమంటారని. ఆవిడ భోజనం ఆవిడది. నా అయిదు నిమిషాలు నావి. మిగిలింది ఆ కౌంటరు. అది మీది."

"ఇది నేను పైకి రాయాల్సి వస్తుంది. ఇద్దరి మీదా."

"రాయండి. శుక్రవారం సంగతి కూడా రాయండి. మీకు మొహమాటమైతే నేను చెప్తాను, మీరు రాసుకోండి."

ఎల్విరా రెండు చేతులతో రొట్టె పట్టుకుని కొరకకుండా ఆగిపోయి ఉంది. గ్రెగ్ ఆ రొట్టె వైపు చూశాడు. పక్క బల్లలవాళ్ళు వింటున్నారు. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. చివరికి తిరిగి కిందికి దిగాడు. రెయిలింగు మీంచి చూస్తే, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి, తలుపు మీదుగా తడిమి గడియ తీసుకుని, లోపల నిలబడ్డాడు. ఒకావిడ ఏదో అడిగింది. చెయ్యి ఎత్తి పైకి చూపించాడు.

"సెన్యోరా, నిజంగా పంపించేస్తాడా?"

"ఇప్పుడు పంపలేడు, సీజను. జనవరిలో పంపుతాడేమో."

"జనవరిలో ఏం చేద్దాం?"

మాత్రలు, ఇంటద్దె, ఒడెస్సా ముఖం ఒక్కసారి ఆర్లెటా కళ్ళ ముందు తిరిగాయి. కౌంటరు చుట్టూ వరస అప్పుడే మూడు మలుపులు తిరిగింది.

"జనవరి సంగతి జనవరిలో చూసుకుందాం," అంది. "నువ్వు నమిలి తిను. ఎవరూ లాక్కోరు."